పిడుదుకాటును బాలబాలికల జ్వరములును

గడచిన వేసవి సెలవులకు ముందు మా వసతిగృహమున నొక చిన్న సంగతి జరిగినది. ఎనిమిదవ తరగతి బాలు డొకడు చెవి వెనుక పులిపిరి లేచినదని చెప్పి మాయొద్దకు వచ్చెను. చూడగా నది మినపగింజ యంత యుండి, బూడిదవన్నె గలిగి, నున్నగా నుండెను. దీపము దగ్గఱకు బిలిచి చూచినప్పుడు దాని మొదట సన్నని కాళ్ళు కదలుచున్నవి. అది పులిపిరి కాదు, పిడుదు. వంటశాల వెనుక తిరుగు వీధికుక్క కా బాలుడు ప్రతిదినమును తన యన్నములో నొక ముద్ద మిగిల్చి పెట్టుచుండుననియు, దానిని ఒడిలో గూర్చుండబెట్టుకొని యాడుచుండుననియు తోడిపిల్లలు చెప్పిరి. మేము దానిపై కిరసనాయిలు చుక్క వేసితిమి. పట్టు వదలలేదు. అగ్గిపుల్ల గీచి యార్పి దాని వేడికొన తాకించితిమి. అప్పటికిని వదలలేదు. తుదకు గోళ్ళతో బట్టి లాగగా నది చిదికి రక్తము మా వ్రేళ్ళకంటెను. ఆ బాలునకు తరువాత నే జ్వరమును రాలేదు. గాని యది మా తెలివివలన గాదు. ఆ సాయంకాలము మేము చేసిన మూడు పనులును చేయరానివే యని తరువాత చదివి తెలిసికొంటిమి. ఆ చదివినదానిలో విద్యార్థులకును వారి తలిదండ్రులకును పనికివచ్చునది యిచ్చట వ్రాయుచున్నాము.

పిడుదును కొన్ని సీమలలో పిడుజనియు, పశువుల బట్టుదానిని గోమారి యనియు బిలుతురు. అది పురుగువలె గనబడినను నిజమునకు సాలెపురుగు చుట్టము. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆఱు కాళ్ళే యుండును. అది యొకసారి కడుపునిండ రక్తము త్రాగి, చర్మము విడిచి, ఎనిమిది కాళ్ళుగల నడిప్రాయపు పిడుదగును. అదియు మఱియొక జంతువునుండి యొకసారి త్రాగి పెద్దదగును. పెద్దదియు నట్లే యింకొక జంతువును బట్టి త్రాగి, నేల రాలి, వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. ఆయా జాతులను బట్టి కొంత భేద మున్నను, మనుష్యునకు రోగము దెచ్చువానిలో బెక్కింటి జీవితచరిత్ర మింతే. మూడు భోజనములు, మూడు జంతువులు. మొదటి భోజనము చేసిన యెలుకయందో కుక్కయందో రోగబీజ మున్నచో, తరువాతి భోజనమునకు దొరకిన ప్రాణికి దాని నందించును. కొన్ని జాతులలో తల్లిపిడుదునుండి గ్రుడ్ల ద్వారమున పిల్లలకును ఆ బీజము సంక్రమించుచుండును.

పిడుదులు చెట్లపైనుండి మనమీదికి దుముకునని పలువురు నమ్ముచున్నారు. అవి దుముకవు, ఎగురవు. గడ్డిపోచ కొనపైకో పొదలోని రెమ్మపైకో ప్రాకి, వెనుకకాళ్ళతో బట్టుకొని, ముందుకాళ్ళు చాచి కాచుకొని యుండును. ఆ ముందుకాళ్ళ కొనలయందు హాలర్ అవయవమను నొక చిన్న గుంట గలదు. మనము విడుచు బొగ్గుపులుసు గాలిని, దేహపు వేడిమిని అది దానితో గ్రహించును. దగ్గఱకు వచ్చిన కాలికో, కుక్క బొచ్చునకో, లంగా యంచునకో తగులుకొని పైకి ప్రాకును. పెద్దవానికి మోకాలిక్రింద దగులునది మూడేండ్ల బిడ్డకు మెడకే తగులును. పిల్లలకు గల యపాయములో మొదటి మెట్టిదియే: వారు భూమికి దగ్గఱివారు.

పిడుదులు రోగము మోయునని పండితులకంటె ముందు పసులకాపరులే యనుమానించిరి. అమెరికాలో దక్షిణమునుండి వచ్చిన పశువులవెంట వచ్చు జ్వరమునకు పిడుదే కారణమని వారు చెప్పగా పలువురు నవ్విరి. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనువారు 1893లో దానిని ప్రయోగములచే స్థాపించిరి. 1906లో హోవర్డ్ రికెట్స్ అను వైద్యుడు మోంటానా ప్రాంతపు మచ్చలజ్వరమును పిడుదే తెచ్చుచున్నదని చూపెను. ఆయన 1910లో మెక్సికోలో టైఫస్ జ్వరమును శోధించుచు ఆ జ్వరముతోనే మరణించెను. ఈ జాతి సూక్ష్మజీవులకు రికెట్సియా యను పేరు ఆయననుండి వచ్చినదే.

అయినను, పిడుదురోగములకును పిల్లలకును గల సంబంధము లోకమునకు స్పష్టముగ దెలిసినది కనెక్టికట్ రాష్ట్రములో. 1975లో లైం, ఓల్డ్ లైం అను పల్లెలయందును వాని పొరుగునను పలువురు పిల్లలకు మోకాళ్ళు వాచెను. వైద్యులు దానిని పిల్లలకు వచ్చు కీళ్ళవాత మనిరి. ఆ కీళ్ళవాతము మిక్కిలి యరుదైనది; ఒక చిన్న యూర నంతమందికి రారాదు. ఇద్దఱు తల్లు లిది గమనించి, రోగుల పేరులు కూర్చి, ఆరోగ్యశాఖకు దెలిపిరి. డాక్టర్ అలెన్ స్టీరు మొదలగువారు వచ్చి విచారింపగా 51మంది రోగులు తేలిరి. వారిలో 39మంది పిల్లలే. ఇండ్లు అడవిని ఆనుకొనియున్నవి. రోగము వేసవిలోను, వేసవి పోవువేళను ఆరంభమగుచున్నది. కొందఱికి కీళ్ళు వాచుటకు కొన్ని వారములు ముందు చర్మముపై నొక ఎఱ్ఱని మచ్చ లేచి పెద్దదై మాసిపోయినది. ఒకే యింటివారిలో ఇద్దఱికి వచ్చినను సాధారణముగ నేకకాలమున రాలేదు, వేఱువేఱు సంవత్సరములలో వచ్చినది. కావున అంటురోగము కాదు. ఏదియో ప్రాకునది కఱచుచున్నది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ జింకపిడుదుల కడుపులో మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని గనుగొనెను. దాని కాయన పేరే పెట్టిరి. పేరులు వ్రాసికొన్న ఆ తల్లుల పుస్తకము లేకున్న నీ కథ యింకెన్నియేండ్లకు బయటపడెడిదో చెప్పజాలము.

ఈ లైం జబ్బును మోయు జింకపిడుదు మన మైదానములలో లేదు. అట్లయిన మన కేల యని చదువరు లడుగవచ్చును. నేడు న్యూజెర్సీ, కనెక్టికట్, పెన్సిల్వేనియా ప్రాంతములందు తెలుగువారి కుటుంబములు వేలకొలది గలవు. మన పాఠశాల పూర్వవిద్యార్థులును అందుండిరి. వారిలో నొకరు మాకు వ్రాసిన జాబునుండి కొంత చెప్పెదము.

వారి మనుమనికి ఏడేండ్లు. జూను మాసమున ఇంటివెనుక పచ్చికలో బంతియాడుచు, బంతి పొదలలోనికి బోయినప్పుడెల్ల తానే వెళ్ళి తెచ్చుచుండెడివాడు. కొన్నిదినములకు మోకాలివెనుక నొక గుండ్రని మచ్చ కనబడినది. ఇంటిల్లిపాదియు తామర యనుకొని పదిదినములు తామరమందు రాసిరి. మచ్చ వెడల్పయి మాసిపోయినది. మందు పనిచేసినదని సంతోషించిరి. జులై నెల చివర నొకనాటి యుదయమున బిడ్డ పాలు త్రాగుచుండగా ఒకవైపు పెదవినుండి కారిపోయెను. నవ్వుమనగా సగము మొగమే నవ్వినది. పక్షవాతమేమో యని తాతగారికి కాళ్ళు చేతులు ఆడలేదట. వైద్యుడు రక్తము పరీక్షించి లైం జబ్బని తేల్చి, కొన్ని వారములు మందిచ్చెను. బాలుని మొగము మరల జక్కబడినది. జాబుచివర వారు వ్రాసిన మాట: పిడుదును మేమెవ్వరము చూడలేదు.

చూడకపోవుటలో వింత లేదు. ఎక్కువమందికి ఈ రోగము నంటించునది పెద్దపిడుదు కాదు, నడిప్రాయపుది. అది గసగసగింజ యంత. కఱచినప్పుడు నొప్పి యుండదు. అది వదలు ఉమ్మి ఆ చోటును తిమ్మిరి గొలుపును. మచ్చ విషయమునను మనవారికి మఱియొక చిక్కు గలదు. పుస్తకములలోని బొమ్మ లన్నియు తెల్లని మేనిపై ఎఱ్ఱని చక్రములు. చామనచాయ మేనిపై నా ఎఱుపు నీలముగనో గోధుమవన్నెగనో కనబడును, ఒక్కొకప్పుడు కనబడనే కనబడదు. నల్లని దేహచ్ఛాయ గలవారిలో ఈ రోగము ఆలస్యముగ బయటపడుచున్నదని అచ్చటి వైద్యులే యొప్పుకొనుచున్నారు. తామర సామాన్యముగ దురద పెట్టును, అంచున పొట్టు లేచును. లైం మచ్చకు పొట్టు లేవదు, దురద తక్కువ, దినదినమును వెడల్పగును. కఱచిన 3 మొదలు 30 దినములలో నెప్పుడైనను కనబడవచ్చును. పిల్లలకు తలయందును మెడయందును వచ్చుటయు గలదు. జుట్టులోనిది యెవరికి దెలియును?

అమెరికాలో ఈ జబ్బు లెక్కలు తీసిన యేండ్లన్నిట ఒక సంగతి మాఱక కనబడుచున్నది. 5 మొదలు 9 ఏండ్లలోపు పిల్లలు ఒక శిఖరము, ఏబదియేండ్లు దాటిన పెద్దలు మఱియొక శిఖరము. బాలురు బాలికలకంటె నెక్కువ. దీనికి బాలుర దేహములో నేదో లోపమని యెంచరాదు. ఎవరు ఎక్కువగా పొదల యంచున తిరుగుదురో వారికే పిడుదు దొరకును. పచ్చికయు అడవియు కలియుచోట, రాలినయాకులు పోగైనచోట అవి మెండు. ఆకులకుప్పలో దొర్లి యాడుట అచ్చటి పిల్లలకు మహా వేడుక.

పదునాలుగు పదునేనేండ్లవారి సంగతి వేఱు. చిన్నబిడ్డను తల్లి స్నానము చేయించును, ఒడలంతయు జూచును. ఈ వయసువారు తలుపువేసికొని స్నానము చేయుదురు. చంకలలోనో తొడలమొదటనో ఏదియైన గనబడినను సిగ్గుచే జెప్పరు. శిబిరములకు, కొండలెక్కుటకు పోవువారును వీరే. మా వసతిగృహములో జ్వరము దాచి ఆటలపోటీకి బోయినవారు మాకు దెలియును. కావున చిన్నపిల్లల విషయమున తలిదండ్రుల కన్ను ఎట్టిదో, వీరి విషయమున వీరి స్వంత కన్ను అట్టిది. అద్దము చాలును.

బాలికలకు జడవలన నొక ప్రత్యేకాపాయము గలదు. కొన్ని జాతుల ఆడుపిడుదులు చాలదినములు అంటియున్నచో వాని ఉమ్మిలోని విషముచే కాళ్ళు తడబడి, క్రమముగ పైకి పక్షవాతము ప్రాకి, ఊపిరికే ముప్పు వచ్చును. ఉత్తర అమెరికాలోను ఆస్ట్రేలియాలోను ఇట్టివి వ్రాయబడినవి. రోగులలో నెక్కువమంది చిన్నబాలికలు. పిడుదు జడక్రింద దాగి కనబడకపోవుటయే కారణ మందురు. అమెరికా రకములో పిడుదును గనుగొని లాగివేసిన ఒక దినములోనే సాధారణముగ బిడ్డ లేచి నడచును. లాగనిచో చచ్చుటయు గలదు. దువ్వెనతో తీరునది ఆస్పత్రిదాక పోవుటకు ఇంతకంటె దృష్టాంతము లేదు.

ఇక మనకు మిక్కిలి దగ్గఱగానున్న కథ అరిజోనాలోనిది. మచ్చలజ్వరమును అడవిపిడుదులే తెచ్చునని పండితులు చిరకాల మనుకొనిరి. 2002 మొదలు 2004 వఱకు తూర్పు అరిజోనాలో ఆదివాసుల పల్లెలయందు 16మందికి ఆ జ్వరము వచ్చెను.  రోగులలో 13మంది పండ్రెండేండ్లు దాటని పిల్లలు. ఇద్దఱు మరణించిరి. వెదకగా పిడుదులు అడవిలో గాదు, ఇండ్లముంగిట, గోడబీటలలో, పాతపఱుపులలో, కుక్క పండుకొను నీడలో దొరకినవి. అది కపిలవర్ణపు కుక్కపిడుదు. పల్లెనిండ యజమానులు లేని కుక్కలు. కుక్కలతోడ మట్టిలో నాడు పిల్లలు. వేఱు కారణము వెదక నక్కఱలేకపోయినది.

ఈ కుక్కపిడుదు వర్గమే మన దేశపు ప్రతి యూరి కుక్కపైనను గలదు. మనదేశమున నిది రికెట్సియా కొనోరై యను సూక్ష్మజీవిని మోయును. దానివలన వచ్చునది భారతీయ పిడుదు టైఫస్. తీవ్రజ్వరము, తలనొప్పి, ఒడలినొప్పులు. కొన్నిదినములకు దద్దు లేచును. సామాన్యముగ తట్టునందు ముఖమునుండి దద్దు దిగివచ్చును. ఈ జ్వరమున మణికట్టులయందును చీలమండలయందును మొదలై అరచేతులకు, అరికాళ్ళకు వ్యాపించుట గలదు. అరచేతి దద్దు చూచిన తల్లి దానిని వైద్యునకు చూపవలెను. డెంగ్యూ యనియు తట్టనియు దినములు గడపుట వలననే చెఱుపు కలుగుచున్నది.

ఏలయన నీ జాతి జ్వరములకు డాక్సిసైక్లిన్ అను మందు చక్కగ పనిచేయును, కాని వేళకు పడవలెను. అమెరికా మచ్చలజ్వరమున మొదటి అయిదుదినములలో మందు పడినవారికిని, తరువాత పడినవారికిని ప్రాణాపాయములో చాల భేదము గనబడినది. అచ్చట పదియేండ్లలోపు పిల్లలు పెద్దలకంటె అయిదురెట్లు ఎక్కువగా చనిపోవుచున్నారని వారి రోగనివారణ సంస్థ చెప్పుచున్నది. ఇందులో మందుకు జంకుటయు నొక పాలు. ఈ వర్గపు పాతమందులు ఎనిమిదేండ్లలోపు పిల్లల పండ్లకు మచ్చలు తెచ్చెడివి. ఆ భయముచే వైద్యులు డాక్సిసైక్లిన్ ఇచ్చుటకు వెనుకాడిరి. కొలదిదినములు వాడిన డాక్సిసైక్లిన్ వలన అట్టి మచ్చలు పడుట కనబడలేదని తరువాతి పరీక్షలు తేల్చినవి. ఈ జ్వరమున ఏ వయసు బిడ్డకైనను అదే మొదటిమందని నేటి వైద్యమతము. ఇది వైద్యు డీయవలసిన మందు. మేము పేరు చెప్పుట తలిదండ్రులు అంగడిలో కొనుటకు గాదు, వైద్యుడు వ్రాసినప్పుడు భయపడకుండుటకు.

మన పడమటి పొరుగున కర్ణాటకములో మఱియొకటి గలదు. 1957లో షిమోగా జిల్లా క్యాసనూరు అడవియందు కోతులు కుప్పలుగ చచ్చెను. వెంటనే సమీపగ్రామముల మనుష్యులకు జ్వరము వచ్చెను. అచ్చటివారు దానిని కోతిజబ్బందురు. అది వైరస్ వలన కలుగును; తెచ్చునది అడవిపిడుదు. శీతకాలము మొదలు వేసవివఱకు దాని కాలము. కట్టెలకు, ఎండుటాకులకు, పసులను మేపుటకు అడవికి బోవువారికే యిది యెక్కువ. పేదయింట నీ పనులు పిల్లలవి గదా! దీనిని చంపు ప్రత్యేకౌషధము లేదు. చచ్చిన కోతి కనబడినచోటికి పోక, అధికారులకు దెలుపుటయే మొదటి రక్ష.

ఆంధ్రదేశమున నిప్పుడు తఱచు వినబడు స్క్రబ్ టైఫస్ పిడుదువలన వచ్చునది కాదు. అది కంటికి దాదాపు కనబడని యొకవిధమైన నల్లి పిల్లలవలన వచ్చును. అయినను పొదలు, గడ్డి, నేలపై గూర్చుండుట మున్నగునవి రెంటికిని సమానము. దానికాటున సిగరెట్టుతో కాల్చినట్టి నల్లని పెచ్చు కట్టుట గలదు. జ్వరముగల బిడ్డ చంకలు, గజ్జలు వెదకి చూచునప్పుడు దానినిగూడ చూచినట్లగును.

పిడుదును దీయు విధము మేము నేర్చినది చెప్పెదము. సన్నని మొనగల పట్టకారు తీసికొని, చర్మమునకు మిక్కిలి దగ్గఱగా, పిడుదు పొట్టను గాక నోటిచెంత బట్టి, మెలిపెట్టక, కుదుపక, తిన్నగ పైకి లాగవలెను. నూనె, కిరసనాయిలు, సున్నము, పొగాకు, నిప్పు ఇవి యేవియు కూడవు. పిడుదు వేదనపడి తన కడుపులోనిది మన రక్తములోనికి గ్రక్కవచ్చును. వ్రేళ్ళతో చిదుపరాదు. నోటిముక్క చర్మములో మిగిలినచో సూదితో గెలుకక విడిచిన, చర్మమే నెట్టివేయును. పిమ్మట ఆ చోటును చేతులను సబ్బుతో కడుగవలెను. లైం జబ్బు సామాన్యముగ పిడుదు ఒక దినముకంటె నెక్కువ అంటియున్నప్పుడే సంక్రమించును. కాబట్టి ప్రతి సాయంకాలము వెదకుట నిజముగ పనిచేయు సాధనము. మచ్చలజ్వరమున కంత గడువు లేదు; దాని విషయమున కుక్కను శుభ్రముగ నుంచుటయే ముఖ్యము. అరిజోనాలో ఒక పల్లెవారు 2012లో కుక్కలన్నిటికి పిడుదుమందు గల పట్టీలు గట్టి, ముంగిళ్ళలో మందు చల్లిరి. ఏడాది తిరుగునప్పటికి అచ్చట నూటికి ఒక కుక్కపై మాత్రమే పిడుదు కనబడినది. పట్టీలు కట్టని పల్లెలలో నూటికి అఱువదికి పైగా.

మా వంటశాల వెనుకటి కుక్కను తఱిమివేయవలెనని కొంద ఱనిరి. ఆ బాలుడు కన్నీరు పెట్టుకొనెను. మేము పశువైద్యుని బిలిపించి, పిడుదుమందు వేయించి, దానికొక పట్టీ కట్టించితిమి. ఇప్పుడు రాత్రి ప్రార్థనకు ముందు చెవివెనుక, మెడ, చంకలు, మోకాలివెనుక ఎవరికివారు తడిమి చూచుకొనుట వసతిగృహములో వాడుకయైనది. కుక్కను తడిమిచూచు పని ఎనిమిదవ తరగతివారు తీసికొనిరి. పట్టకారు కార్యాలయపు సొరుగులో నున్నది. దాని ప్రక్కనే యొక చిన్నపుస్తకము పెట్టితిమి: పిడుదు దొరకిన తేది, దేహమున నెచ్చట, బాలుని పేరు. తరువాతి నెలదినములలో నా బాలునకు జ్వరము వచ్చినచో ఆ పుట వైద్యునికి జూపుదుము.